మందదిబ్బ మీద తెల్లపంచె

2022 ఫిబ్రవరి. ఉదయగిరి నుంచి ఆత్మకూరు వచ్చే దారికి లోపలగా, కొండవరసను ఆనుకుని ఒక ఊరు. గుండ్లపల్లె అని పేరు మార్చి చెబుతాను. అసలు పేరు రాస్తే అక్కడివాళ్లు వెంటనే ఫోన్ చేసి, "మా ఊరిని ఎందుకు పుస్తకాలకెక్కించినావు?" అని దులిపేస్తారు. అవునండీ, ఇప్పుడు వాళ్లు ఇంట్లో మంచం మీద కూర్చునే నాకు ఫోన్ చేయగలరు! ఆ మాట రాస్తుంటేనే నాకు సంతోషం ఆగడం లేదు. పదిహేనేళ్ల టవర్ల ఉద్యోగంలో ఎన్ని ఊళ్లు తిరిగినా, ఈ ఊరి సంగతి మాత్రం ఎవరు అడిగినా అడగకపోయినా చెబుతుంటాను. మా ఆవిడైతే "మళ్లీ మొదలైందా పంచె కథ" అని లేచి వంటింట్లోకి వెళ్లిపోతుంది.

నేను ట్రాన్స్‌మిషన్ సర్వే ఇంజనీరును. అదేమిటో రెండు ముక్కల్లో చెబుతాను. మీ ఫోన్‌కు సిగ్నల్ టవర్ నుంచి వస్తుందని అందరికీ తెలుసు. మరి టవర్‌కు ఎక్కడి నుంచి వస్తుంది? దాన్ని బయటి ప్రపంచంతో కలపడానికి ఇంకో దారి వేయాలి. ఆ దారిని మేము బ్యాక్‌హాల్ అంటాం. భూమిలో ఫైబర్ కేబుల్ వేయవచ్చు, లేదా రెండు టవర్ల మీద రెండు మైక్రోవేవ్ డిష్‌లు పెట్టి ఒకదానికొకటి ఎదురెదురుగా తిప్పవచ్చు. డిష్‌లైతే మధ్యలో కొండ గానీ చెట్టు గానీ అడ్డం ఉండకూడదు. ఒకదానికొకటి కనపడాలి. దాని పేరు లైన్ ఆఫ్ సైట్. కనపడుతుందో లేదో చూసి రాయడమే నా పని. పల్లెకు ఇంటర్నెట్ తేవడంలో పెద్ద ఖర్చు చాలాసార్లు ఈ దారి దగ్గరే పడుతుంది కాబట్టి, నేను రాసే ఒక్క ముక్కను బట్టి ఒక ఊరు టవర్ల లిస్టులో ఉంటుంది లేదా పోతుంది.

గుండ్లపల్లెకు పడమర కొండవరస. దాని అవతల, ఉదయగిరి వైపు, మా కంపెనీ టవర్ ఒకటి అప్పటికే ఉంది. గాలిలో కొలిస్తే నాలుగు కిలోమీటర్లు కూడా లేదు. ఫైబర్ వేయాలంటే కొండ చుట్టూ తిరిగి రావాలి, దారంతా బండరాయి, కొంత అడవి శాఖ భూమి. అది కుదిరే పని కాదని ముందే తెలుసు. నేను వెళ్లి బడి మిద్దె ఎక్కాను. ఊరి నడిమధ్యన మూడు చోట్లు తీసుకుని కంప్యూటర్‌కు ఇచ్చాను. మూడింటికీ కొండ అడ్డం. "లైన్ ఆఫ్ సైట్ లేదు, కొండ మీద రెండో టవర్ కావాలి" అని ఫారంలో రాసి, మధ్యాహ్నం భోజనానికి ఆత్మకూరులో మా ఇంటికి చేరుకున్నాను. అంత తేలిగ్గా రాసేశాను.

కొండ మీద టవరంటే మాటలా? రోడ్డు లేదు, కరెంటు లేదు, జనరేటరుకు డీజిల్ మోసుకుని ఎక్కాలి. ఖర్చు చూసి పైవాళ్లు గుండ్లపల్లెను పక్కన పెట్టారు. నేను ఆ ఊరిని మరిచిపోయాను కూడా.

అదే ఏడాది నవంబరులో, వానలు కాస్త తెరిపి ఇచ్చిన రోజుల్లో, పక్క ఊరి టవర్ పని మీద గుండ్లపల్లె మీదుగా జీపులో పోతున్నాను. ఊరి బయట ఒక పెద్ద గుండు. ఏనుగంత బండరాయి. దాని పక్కన ఒక నిచ్చెన, కింద ఓ పది మంది ముసలీముతకా వరుసలో నిలబడి దిగులుగా పైకి చూస్తున్నారు. గుండు పైన ఒకామె చీర కొంగు నడుముకు బిగించి, చేతిలో చిన్న మిషన్ పట్టుకుని ఆకాశం వైపు తిప్పుతోంది.

జీపు మీద కంపెనీ బొమ్మ చూసిందో లేదో, టకటకా దిగి వచ్చి బండికి అడ్డంగా నిలబడింది.

"నువ్వేనా సార్, ఫిబ్రవరిలో వచ్చి బడి మిద్దె ఎక్కి పోయినోడివి?"

"నేనేనమ్మా. ఏంది, ఏమయింది?"

"ఏమయిందా! దిగు, చెప్తా."

ఆమె పేరు సువార్త. ఊళ్లో బ్యాంకు మిత్ర. అంటే బ్యాంకు వాళ్లు ఇచ్చిన వేలిముద్ర మిషన్‌తో ఉపాధి కూలీ డబ్బులు, పొదుపు డబ్బులు ఊళ్లోనే తీసి ఇచ్చే మనిషి. ఇంటర్ చదివింది, చర్చిలో పిల్లలకు పాటలు నేర్పుతుంది, నోరు విప్పితే ఎదురుగా ఎవరూ నిలవలేరు. ఆ మిషన్‌కు ఇంటర్నెట్ కావాలి. ఊరంతటికీ సిగ్నల్ దొరికేది ఆ గుండు మీద, అదీ రెండు గీతలు. కాబట్టి డబ్బు కావాలంటే అవ్వలూ తాతలూ నిచ్చెనెక్కి గుండు మీద వేలు పెట్టాలి. "సిగ్నల్ గుండు" అని దానికి పేరు కూడా పెట్టుకున్నారు.

"పోయిన నెల వానకు గుండు పాచి పట్టిపోయి, మా పెంచలమ్మవ్వ జారి కింద పడింది. మణికట్టు విరిగింది," అంది సువార్త. "బ్యాంకు సారు వచ్చి చూసి, గుండు మింద మిషన్ పెడితే ఒప్పుకోను అన్నాడు. నెలాఖరు లోపల ఊరికి నెట్టు వస్తాదని ఏదన్నా కాయితం తెచ్చి చూపించు, లేకుంటే మిషన్ తిరిగి ఇచ్చేసెయ్ అన్నాడు. ఈ రోజు దొంగతనంగా ఎక్కినాను సార్. ఇంకేం చెయ్యమంటావు?"

"మా పైవాళ్లు ఖర్చు ఎక్కువని..." అని నసిగాను.

"ఖర్చా!" సువార్త నడుం మీద చేయి పెట్టుకుంది. "మా ఊరోళ్లు చిన్న రీచార్జులు చేస్తారు, మీకు గిట్టదు. అంతే గదా? మరి ఒక అవ్వ తన డబ్బు తాను తెచ్చుకునేదానికి టౌనుకు పోయొస్తే ఆటోకెంత? ఆ పొద్దు కూలీ పోతాది గదా, అదెంత? ఆడ సర్వర్ లేదంటే మళ్లీ మర్నాడు పోవాల. ఆ ఖర్చు మీ కంప్యూటర్‌లో ఎక్కించినావా సార్?"

ఎక్కించలేదు. మా ఫారంలో అలాంటి గడే లేదు.

అక్కడి నుంచే గుండెక్కి (నిజం, నేనూ నిచ్చెనెక్కాను) మా మేనేజరుకు ఫోన్ చేశాను. ఆయన మంచివాడే. "చూడవయ్యా, ఒక్క హాప్‌లో, అంటే ఇక్కడి నుంచి అక్కడికి నేరుగా ఒక్క గెంతులో అయిపోతుందని చూపించు, ఎలాగైనా పాస్ చేయిస్తాను. కొండ మీద టవర్ అంటే మాత్రం నేను నోరెత్తలేను. శనివారం సాయంత్రం కొత్త టవర్ల లిస్టు మూసేస్తున్నారు" అన్నాడు. ఆ రోజు గురువారం.

కొండను నేనేమైనా పక్కకు జరపగలనా! దిగి వచ్చి, ముందు ఆ పెంచలమ్మను చూసి వద్దామని సువార్త వెంట వెళ్లాను. పందిరి కింద మంచం మీద కూర్చుని ఉంది, చేతికి పుత్తూరు కట్టు. పక్కనే ఆమె భర్త మాలకొండయ్య గొర్రెల కాపరి, భుజాన కంబళి, చేతిలో కర్ర. సువార్త నన్ను పరిచయం చేయగానే ఆయన ఎగాదిగా చూశాడు.

"ఈమె పడిన సంగతి నాకు రెండు దినాల దాకా తెలవదబ్బయా," అన్నాడు. "మందను కొండకు అవతల మేపుకుంటా ఉండా. వాన పడింది. పడినాక పంచె ఎగరాల గదా? ఎగరలా. ఒక పొద్దు చూసినా, రెండు పొద్దులు చూసినా. ఏందబ్బా ఇది, ఈమెకేమయిందో అని మందను వేరేవాళ్లకు అప్పజెప్పి పరిగెత్తుకోనొచ్చినా."

"పంచె ఏంది పెద్దాయనా?"

ఆయనకు నా ప్రశ్నే వింతగా అనిపించింది. గొర్రెలను రాత్రిళ్లు పడుకోబెట్టే చోటును మందదిబ్బ అంటారు. వాళ్లది ఊరికి దక్షిణంగా, దూరంగా, ఎత్తు మీద ఉంది. వాన పడితే ఆ దిబ్బ ఆరేదాకా మందను తీసుకురాకూడదు, బురదలో పడుకుంటే గొర్రెల గిట్టలు చెడతాయి. దిబ్బ ఆరిందో లేదో పెంచలమ్మ వెళ్లి చూస్తుంది. ఆరితే అక్కడి గడకర్రకు తెల్లపంచె వెడల్పుగా కట్టి ఎత్తుతుంది. అది చూసి అవతల నుంచి ఆయన మందను తోలుకొస్తాడు. వాళ్ల నాయన కాలం నుంచి అంతే. ఫోన్లు వచ్చాక చాలా ఊళ్లలో ఇలాంటివి పోయాయి. ఇక్కడ సిగ్నల్ లేదు కాబట్టి పంచె మిగిలింది.

ఇదంతా తల ఊపుతూ వింటున్నవాడిని, ఉన్నట్టుండి ఆగిపోయాను.

"పెద్దాయనా, కొండకు అవతల ఉంటే ఇవతల కట్టిన పంచె నీకెట్టా కనపడతాది?"

"కనమలో నుంచి," అన్నాడు. కనమ అంటే రెండు కొండల నడుమ సందు. "మీ ఎర్రతెల్ల టవరు లేదా, దాని కిందనే గదా నేను నిలబడేది. ఆడ నిలబడితే కనమలో నుంచి మా దిబ్బ మింద పంచె చక్కంగా కనపడతాది."

మా టవర్ కింద నిలబడితే దిబ్బ కనపడుతుందంటే, దిబ్బ మీద నుంచి మా టవర్ కనపడాలి కదా! అదే కదా లైన్ ఆఫ్ సైట్! నేను చేసిన తప్పు అప్పుడు అర్థమైంది. టవర్ ఎప్పుడూ జనం మధ్యన ఉండాలని మా అలవాటు. మూడు చోట్లూ ఊరి నడిమధ్యనే తీసుకున్నాను. గొర్రెలు పడుకునే దిబ్బ వైపు ఎవడు చూస్తాడు? బడి మిద్దె ఎక్కాను గానీ, ఆ కొండను రోజూ చూసే మనిషిని ఒక్క మాట అడగలేదు.

"నువ్వు చెప్పేది నిజమేనా? మా కంపెనీ టవరేనా, వేరేదా?" అని రెండుసార్లు అడిగాను.

పెంచలమ్మకు కోపం వచ్చింది. "నలభై ఏండ్లుగా కడతా ఉండా. కనపడకుండానే కడతా ఉండానా? చదువుకున్నోడివి, నీకంతా అనుమానమే."

మర్నాడు పొద్దున్నే పరీక్ష. మాటతో పని జరగదు, మా ఫారంలో ఫ్లాష్ ఫోటో అతికించాలి. టవర్ మీద నుంచి ఒక మనిషి అద్దంతో ఎండను ఇటు కొట్టాలి, ఆ మెరుపును ఇక్కడ ఫోటో తీయాలి. మా రిగ్గర్ బాషా, అంటే టవర్లు ఎక్కడమే ఉద్యోగమైనవాడు, మంగలి షాపులో పెద్ద అద్దం అడిగి తెచ్చాడు. "సాయంత్రం లోపల పగలకుండా తెచ్చియ్యాలంట అన్నా, వాళ్ల గిరాకీ పోతాదంట" అని దాన్ని దుప్పటిలో చుట్టుకున్నాడు. ఇంకో చిక్కు. దిబ్బ మీద సిగ్నల్ లేదు, నాకు కనపడిందని బాషాకు ఎలా చెప్పాలి? దానికి మాలకొండయ్యే దారి చూపించాడు. "నేను ఈ అబ్బయితో పోతా. మెరుపు కనపడితే మీరు పంచె ఎత్తండి. నేను చూసి కింద నుంచి అరుస్తా." కోట్లు పెట్టి నెట్‌వర్కులు కట్టే మేము, ఆ రోజు పంచెను నమ్ముకున్నాం.

పదికి మొదటిసారి, పదకొండుకు రెండోసారి, పన్నెండుకు ఆఖరిసారి మెరిపించాలని ఒప్పందం. నేను, సువార్త, పెంచలమ్మ దిబ్బ మీద. పది అయింది, సూర్యుడి మీద మబ్బు. పదకొండు అయింది, ఇంకా దట్టంగా మబ్బు. సువార్త కళ్లు మూసుకుని గట్టిగానే ప్రార్థన మొదలుపెట్టింది. పెంచలమ్మ మంచి చేత్తో కొండ వైపు దండం పెట్టింది. నేను మబ్బును తిడుతున్నాను. ఎవరి పని వాళ్లం చేశాం.

పన్నెండుకు ఇంకో రెండు నిమిషాలు ఉందనగా ఎండ ఫెళ్లున కాసింది. నేను గబగబా బైనాక్యులర్ ఎత్తి కనమ అంతా గాలిస్తున్నాను. చెట్లు, రాళ్లు, ఏదో రేకుల షెడ్డు. మెరుపు మాత్రం లేదు.

"అదో!" అని అరిచింది పెంచలమ్మ.

"ఏదవ్వా? యాడ?"

"అదో అదో! ఆ గొట్టాలు తీసెయ్యి, ఉత్త కండ్లతో చూడు!"

చూశాను. కనమ మధ్యలో, నీలంగా కనపడే కొండల నడుమ, ఒక మెరుపు. తళుక్కుమని ఆరింది. మళ్లీ వెలిగింది. మూడుసార్లు, ఆగి, మళ్లీ మూడుసార్లు. మేము అనుకున్న లెక్కే! నేను ఎగిరి గంతేశాను. కెమెరా పట్టుకున్నది కూడా మరిచిపోయి కేకలు పెడుతుంటే సువార్త నా వీపు మీద చరిచి, "ముందు ఫోటో తియ్ సార్!" అంది. తీశాను. ఒకటి కాదు, నలభై తీశాను.

"పంచె! పంచె ఎత్తండి!" పెంచలమ్మ తన ఒంటి చేత్తో చూపిస్తూ, "ఆ ముడి కాదు మే, గాలికి ఊడతాది, కింద ముడి బిగించు" అని అజమాయిషీ చేస్తుంటే, సువార్త కట్టి ఎత్తింది. పంచె గాలికి రెపరెపలాడింది. అంతే, అవతల మెరుపు పిచ్చిపట్టినట్టు ఆడడం మొదలుపెట్టింది. బాషా లెక్కా గిక్కా వదిలేసి అద్దాన్ని ఎడాపెడా ఊపేస్తున్నాడు. మాలకొండయ్యకు పంచె కనపడిందన్నమాట! ముగ్గురం ఒకరినొకరు పట్టుకుని నవ్వాం. నా ఉద్యోగంలో నాకు అంతటి సంతోషం దాని ముందూ లేదు, తర్వాతా లేదు.

ఇక స్థలం. దిబ్బ వాళ్ల సొంత మెట్టభూమి. ఆ సాయంత్రం అద్దం పగలకుండా మంగలి షాపుకు చేరాక, మాలకొండయ్యను అడిగాను. దిబ్బలో ఒక మూల ఇస్తే చాలు, నెలనెలా అద్దె వస్తుందని చెప్పాను.

"జనరేటర్ పెడతారా?" అన్నాడు ఆయన.

"కరెంటు పోతే దానితోనే గదా నడిచేది."

"అయితే ఇయ్యను. ఆ చప్పుడుకు గొర్రె పండుకోదు. పండుకోని గొర్రె కండ పట్టదు. వానాకాలంలో నాకుండేది ఆ ఎత్తు ఒకటే."

సువార్త ఏదో అనబోతే పెంచలమ్మ ఆపింది. నన్ను చూసి, "చప్పుడు చెయ్యనిది లేదా మీ దగ్గర?" అంది.

ఆలోచించాను. పక్క చేనులో బోరుకు కరెంటు లైను ఉంది. దానికి తోడు సోలార్ పలకలు, పెద్ద బ్యాటరీలు పెడితే జనరేటర్ అక్కర్లేదు. అసలు పల్లె టవర్లకు ఏళ్ల తరబడి ప్రాణం తీసేది ఆ డీజిల్ ఖర్చే. అది తీసేస్తే లెక్క ఇంకా తేలికవుతుంది! రాత్రికి అంచనా మార్చి పంపిస్తే, శనివారం పొద్దున మేనేజరే ఫోన్ చేశాడు. "ఒక్క హాప్, డీజిల్ లేదు. ఈ ఐడియా ఎవరిదయ్యా?" అన్నాడు. "గొర్రెలది సార్" అన్నాను. ఆయన నవ్వాడు గానీ, నేను హాస్యం ఆడలేదు.

సాయంత్రానికి ఆమోదం కాగితం వచ్చింది. సోమవారం సువార్త దాన్ని బ్యాంకుకు తీసుకుపోయి టేబుల్ మీద పెట్టి, "ఇంక మిషన్ మాట ఎత్తబాకండి" అని చెప్పి వచ్చిందట. టవర్ పని పూర్తయ్యేదాకా గుండు ఎక్కవద్దు, డబ్బు కావాల్సినవాళ్లు ఆటోలో టౌనుకే పోవాలి అన్నారు బ్యాంకు వాళ్లు. ఊరివాళ్లు కష్టపడ్డారు, ఓర్చుకున్నారు.

2023 ఏప్రిల్లో టవర్ ఆన్ ఎయిర్ అయింది. మేము అలాగే అంటాం, టవర్ మొదటిసారి ఊపిరి పీల్చడాన్ని. సువార్త తన ఇంటి అరుగు మీద కుర్చీ వేసింది. మొదటి వేలు ఎవరిదనే వాదనే రాలేదు. పెంచలమ్మను కూర్చోబెట్టారు. కట్టు విప్పారు గానీ మణికట్టు కాస్త వంకరగానే అతుక్కుంది. ఆ చేతి వేలే మిషన్ మీద పెట్టింది. మిషన్ తెర మీద చక్రం తిరిగింది, ఊరంతా దాని మీదికే వంగింది. అంతలో కిర్రుమని రసీదు బయటికి వచ్చింది. కేకలు, ఈలలు! మాలకొండయ్య రసీదును తిప్పి తిప్పి చూసి, "ఇంత చిన్న కాయితానికా ఈమె గుండెక్కింది" అన్నాడు.

"ఇంక పంచె పని లేదు పెద్దాయనా, ఫోన్ చేస్తే చాలు" అన్నాను.

"ఫోన్ ఎత్తేది ఎవరు? ఈమె యాడనో పెట్టి మర్చిపోతాది. పంచె ఉండనీ," అన్నాడు. అందరూ నవ్వారు.

ఆ నవ్వుల మధ్యలోనే పెంచలమ్మ నా చేయి పట్టుకుంది. "నాయనా, ఇంత సులువుగా అయ్యేదానికి, ముందే ఎందుకు రాలేదు నువ్వు?"

ఆమె అడిగింది ఆప్యాయంగానే. కానీ నా కంటికి కనపడింది ఆ వంకర మణికట్టు. నేను ఫిబ్రవరిలోనే సరిగ్గా చూసి రాసి ఉంటే, అక్టోబరు వానకు ఆమె ఆ గుండెక్కేది కాదు.

"వచ్చినాను అవ్వా," అన్నాను. "ముందే వచ్చినాను. సరిగ్గా చూడలేదు."

"చూసినావు గదా ఇప్పుడు," అని చేయి వదిలి, "లోపల సంగటి చేసినాము, తినిపో" అంది.

తిన్నాను. ఆ రోజు నుంచి నా ఫారంలో చివరి పేజీ వెనక రెండు ప్రశ్నలు చేత్తో రాసుకుంటాను, ఆఫీసు వాళ్లు అడిగినా అడగకపోయినా. సిగ్నల్ లేక ఈ ఊరు ఇప్పటికే ఏమేమి ఖర్చు పెడుతోంది? ఈ ఊరి మంద ఎక్కడ పడుకుంటుంది? రెండింటికీ జవాబు దొరికేదాకా నేను "లేదు" అని రాయను.